మంచు ఊళ్లో ఇల్లు: ఎంత పడుతుందో కాదు, ఎవరు ఎత్తుతారో చూడండి

అమెరికాలో మన పిల్లలు ఇల్లు వెతుక్కునేది ఎండాకాలంలో. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది కాబట్టి జూన్, జూలైల్లోనే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని, వాట్సాప్ గ్రూపుల్లో రూమ్మేట్లను పోగేసి, వీడియో కాల్‌లో గదులు చూసి ఏడాదికి లీజు రాసేస్తారు. ఆ వీడియోలో పచ్చటి గడ్డి, చెట్లు, ఖాళీ రోడ్డు కనిపిస్తాయి. బస్‌స్టాప్‌కి నడిచి పది నిమిషాలే అంటాడు ఓనరు, మ్యాప్ కూడా అదే చెబుతుంది. నవంబరు దాకా అది నిజమే. ఆ తర్వాత అదే దారిలో పేవ్‌మెంట్ కనిపించదు, మోకాళ్ల లోతు మంచులో సగం దూరం రోడ్డు మీదే నడవాలి, స్టాప్ దగ్గర నిలబడే చోట మంచు తోసే ప్లౌ బండి పోసిన గుట్ట ఉంటుంది. దూరం మారలేదు. అయినా పది నిమిషాలు ముప్పై నిమిషాలవుతుంది.

ఉద్యోగాలు వచ్చి ఇల్లు కొనుక్కునేవాళ్లదీ దాదాపు ఇదే కథ. స్కూల్ రేటింగ్ చూస్తారు, వాస్తు చూస్తారు, ఇండియన్ స్టోర్ ఎంత దూరమో చూస్తారు. మంచు గురించి అడిగితే 'ఏడాదికి ఎన్ని అంగుళాలు పడుతుంది' అని అడుగుతారు. ఆ లెక్క నెట్‌లో సులువుగానే దొరుకుతుంది: న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 120 అంగుళాల పైచిలుకు, అదే రాష్ట్రంలోని బఫలోలో 95 దరిదాపు, బోస్టన్‌లో 49, చికాగోలో 38, అట్లాంటాలో రెండో మూడో. ఈ వరస చూస్తే అట్లాంటాలో హాయిగా ఉండొచ్చు, బఫలోలో బతకలేం అనిపిస్తుంది. కానీ 2014 జనవరి 28న అట్లాంటాలో పడింది రెండున్నర అంగుళాలు మాత్రమే. మధ్యాహ్నానికి స్కూళ్లు, ఆఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ ఒకేసారి వదిలేశారు, ఊరంతా ఒకే గంటలో రోడ్డెక్కింది, చక్రాల కింద మంచు నలిగి గాజులాంటి ఐసయింది. మంచు కరగడానికి ఉప్పు చల్లే బండ్లు కూడా ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కుపోయాయి. జనం రాత్రంతా కార్లలో గడిపారు, కొందరు దుకాణాల్లో నేల మీద పడుకున్నారు, చాలామంది పిల్లలు స్కూళ్లలోనే తెల్లవార్లూ ఉండిపోయారు. అదే రెండున్నర అంగుళాలు బఫలోలో పడితే అది వార్త కూడా కాదు.

కాబట్టి ఎంత పడుతుంది అన్నది రెండో ప్రశ్న. పడినదాన్ని ఎవరు ఎత్తుతారు, ఏ వేళకి ఎత్తుతారు, మీ గుమ్మానికీ ప్రభుత్వం శుభ్రం చేసే రోడ్డుకీ మధ్య ఎన్ని అడుగులు మీ నెత్తిన పడతాయి అన్నది మొదటి ప్రశ్న. ఇల్లు ఎంచుకోవడంలో మిగతాదంతా దీని వెంబడే వస్తుంది.

అసలు మన భాషలోనే ఈ విషయంలో చిన్న ఇబ్బంది ఉంది. పొద్దున గడ్డి మీద మెరిసేదీ మంచే, పొలాల మీద కమ్మేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. లంబసింగికి జనం 'మంచు చూడ్డానికి' వెళ్తారు, అక్కడ చూసేది ఎక్కువగా పొగమంచు, బాగా చలిపడితే గడ్డి మీద పేరుకున్న తెల్లటి పొర. అందుకే అమెరికాలో తెలుగువాళ్లు 'స్నో పడింది' అనే అంటారు, అలా అనడమే నయం. ఎందుకంటే రోడ్డు మీద బండి నడిపేవాడికి స్నో వేరు, గడ్డకట్టే వాన వేరు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన బ్లాక్ ఐస్ వేరు. మెత్తటి స్నో ఆరు అంగుళాలున్నా నెమ్మదిగా పోవచ్చు. కంటికి కనపడని పల్చటి ఐసు మీద మాత్రం ఎవరి డ్రైవింగూ పనికిరాదు. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ దగ్గర ఐ-35 వెస్ట్ హైవే మీద 130కి పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు పోయారు. అక్కడ స్నో గుట్టలేమీ లేవు, ఉన్నది ఐసు పొరే.

ఇక బఫలో సంగతి. మన విద్యార్థులు చాలామంది చేరే ఊళ్లలో అదొకటి, పైగా ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్నకి మంచు ఎలా జవాబు చెబుతుందో ఆ ఊరు చూపించినట్టు ఇంకే ఊరూ చూపించదు. ఈరీ సరస్సు దాదాపు 240 మైళ్ల పొడుగున నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉంటుంది, బఫలో సరిగ్గా దాని తూర్పు కొసన కూర్చుంది. నవంబరులో గాలి చల్లబడినంత త్వరగా నీళ్లు చల్లబడవు. కెనడా వైపు నుంచి వచ్చే పొడి చలిగాలి ఆ నీళ్ల మీదుగా అంత దూరం పరిగెత్తి, దారి పొడుగునా తేమను, వేడిని లాక్కుని, ఒడ్డుకి రాగానే దించేస్తుంది. దించేది ఊరంతటా సమానంగా కాదు. పది, ఇరవై మైళ్ల వెడల్పున ఒక పట్టీలాగా పడుతుంది. ఆ పట్టీ కింద ఉన్నవాడికి ఎదురిల్లు కనపడదు, పట్టీ అంచు దాటినవాడికి ఎండ కాస్తుంటుంది. మన దగ్గర వానాకాలంలో ఈ వీధిలో వాన, పక్క వీధిలో ఎండ ఉంటే నక్కకీ కాకికీ పెళ్లి అని నవ్వుకుంటాం కదా, అదే ఐదడుగుల మందంతో జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

2014 నవంబరు మూడో వారంలో సరిగ్గా అదే అయింది. ఊరికి దక్షిణాన, తూర్పున ఉన్న లాంకాస్టర్, వెస్ట్ సెనెకా, హాంబర్గ్ వైపు కొన్ని చోట్ల ఐదడుగులు దాటింది, ఇళ్ల తలుపులు మంచు ఒత్తిడికి లోపలికి విరిగిపోయాయి, త్రూవే అనే పెద్ద హైవే మీద జనం కార్లలో రాత్రులు గడిపారు. అదే రోజుల్లో ఊరికి ఉత్తరాన ఉన్న ఆమ్హర్స్ట్, టొనావాండా వైపు పడింది కొన్ని అంగుళాలే. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్‌లలో 80 అంగుళాల దాకా పడింది. ఆర్చర్డ్ పార్క్‌లో ఉన్న స్టేడియంలో ఆడాల్సిన బఫలో బిల్స్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని రెండుసార్లూ డెట్రాయిట్‌కి మార్చేశారు. ఊరి జనం మాటల్లో సౌత్‌టౌన్స్ (దక్షిణపు శివార్లు), నార్త్‌టౌన్స్ (ఉత్తరపు శివార్లు) అనేవి రెండు వేరే లోకాలు. గాలి కాస్త పడమరకి తిరిగితే పట్టీ దక్షిణానికి జారుతుంది, కాస్త నైరుతికి తిరిగితే ఊరి మీదికి, ఉత్తరానికి ఎక్కుతుంది. దక్షిణాన నేల ఎత్తు కూడా కాబట్టి అక్కడ పడేది మరింత ఎక్కువ.

ఇంకో సంగతి. ఈరీ ఐదు మహా సరస్సుల్లోకీ లోతు తక్కువది, సగటున అరవై అడుగుల పైచిలుకు. అందుకని చలి గట్టిగా పట్టిన ఏడు జనవరి, ఫిబ్రవరికల్లా పైన గడ్డకట్టేస్తుంది, గడ్డకడితే గాలికి తేమ దొరకదు, సరస్సు స్నో తగ్గిపోతుంది. అంటే కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఏమీ తెలియని మొదటి సెమిస్టర్ చివర్లోనే అసలు దెబ్బ పడే అవకాశం ఎక్కువ.

అయితే నార్త్‌టౌన్స్‌లో ఇల్లు తీసుకుంటే ఇక గొడవ లేదు అనుకోవడానికి వీల్లేదు. 2022 క్రిస్మస్ ముందు వచ్చిన బ్లిజార్డ్ (ఈదురుగాలితో వచ్చే మంచు తుఫాను) ఊరినీ ఉత్తరాన్నీ కూడా కొట్టింది, బఫలో ఉన్న ఈరీ కౌంటీలో నలభై మందికి పైగా చనిపోయారు. దాని గురించి కాసేపట్లో.

ఇల్లు ఏ ఊళ్లో అన్నది తేలాక ఏ వీధిలో అన్నది వస్తుంది. ప్లౌ బండ్లకి ఎక్కడైనా ఒక వరస ఉంటుంది: ముందు హైవేలు, తర్వాత ఆసుపత్రులకీ స్కూళ్లకీ పోయే పెద్ద రోడ్లు, తర్వాత కలిపే రోడ్లు, చిట్టచివర ఇళ్ల మధ్య వీధులు. ఆ చివరి వాటిలోనూ చివరిది కల్-డి-శాక్, అంటే ఒక కొసన గుండ్రంగా మూసుకుపోయే వీధి. మనవాళ్లకి కల్-డి-శాక్ అంటే ప్రాణం, అటూ ఇటూ పోయే బండ్లు ఉండవు, పిల్లలు సైకిల్ తొక్కుకోవచ్చు, రాత్రి నిశ్శబ్దం. అదే గుండ్రటి చివర్లో ప్లౌ బండి తిరగడానికి నానా తంటాలు పడుతుంది, తోసిన మంచు పెట్టడానికి చోటుండదు, ఏదో ఒక ఇంటి ముందు గుట్ట వేసి పోతుంది. ముప్పై మైళ్ల కమ్యూట్‌లో ఇరవై ఎనిమిది మైళ్ల హైవే నల్లగా శుభ్రంగా ఉండి, ఇంటి దగ్గర అర మైలు దాటలేక ఆఫీసు ఎగ్గొట్టడం ఇక్కడ మామూలే. అందుకే మంచు ఊళ్లో కమ్యూట్ కొలవాల్సింది మొత్తం మైళ్లతో కాదు, మొదటి అర మైలుతో. పెద్ద రోడ్డుకి ఒక్క మలుపు దూరంలో ఉన్న ఇల్లు, దానికి నాలుగు మలుపుల లోపలున్న అందమైన ఇల్లు ఎండాకాలంలో ఒకటే.

అందులోనూ ఇంకో తలనొప్పి ఉంటుంది. మీరు పొద్దున్నే లేచి డ్రైవ్‌వే (గ్యారేజీ నుంచి రోడ్డు దాకా ఉండే దారి) అంతా పారతో ఎత్తిపోసి లోపలికెళ్లి కాఫీ పెట్టుకునే లోపు ప్లౌ బండి వచ్చి రోడ్డు మంచునంతా మీ డ్రైవ్‌వే మూతి దగ్గర రెండడుగుల కట్టలా వేసి పోతుంది. అది మెత్తటి స్నో కాదు, ఉప్పూ ఐసూ కలిసిన బరువైన ముద్ద. గంటలో ఎత్తకపోతే గట్టిపడి గునపం అడుగుతుంది. దాన్ని ఎత్తాల్సింది మీరే, చాలా ఊళ్లలో అదే నియమం.

ఇక వాస్తు. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు గానీ మంచు ఊళ్లలో ఇల్లు కొనే తెలుగువాళ్లు మాట్లాడుకోవాల్సిన మొదటి విషయం ఇదే. మనకి తూర్పు ముఖం కావాలి, లేదంటే ఉత్తర ముఖం. దక్షిణ ముఖం అంటే యముడి దిక్కు అని చూడ్డానికి కూడా పోరు. ఇప్పుడు లెక్క చూడండి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, డిసెంబరు చివర్లో కూడా మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, పాతిక అడుగుల ఎత్తున్న మేడ నీడ 22 అడుగులు దాటదు. బఫలో 43 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ అదే రోజు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 24 డిగ్రీలకి మించి పైకి రాడు, అదే పాతిక అడుగుల ఇల్లు ఉత్తరం వైపు 57 అడుగుల నీడ వేస్తుంది. ఉత్తర ముఖం ఇంటికి డ్రైవ్‌వే ఉత్తరానే ఉంటుంది. అంటే గ్యారేజీ తలుపు నుంచి రోడ్డు దాకా మొత్తం సొంత ఇంటి నీడలోనే ఉండిపోతుంది. ఎదురుగా దక్షిణ ముఖం ఇంటివాడి డ్రైవ్‌వే ఎండకి దానంతటదే కరిగి ఆరిపోతుంటే, ఉత్తర ముఖం వాడు ఉప్పు బస్తాలు మోస్తుంటాడు. ఆ ఉప్పు కూడా ఫారెన్‌హీట్ 15 డిగ్రీల కిందికి పోతే పెద్దగా పని చేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ కొనాలి, అది ఖరీదు.

ఈశాన్యం మూల ప్లాట్ అంటే మన దగ్గర లక్షలు ఎక్కువిచ్చి కొంటారు. అమెరికా ఊళ్లలో ఇంటి ముందు పేవ్‌మెంట్ శుభ్రం చేసే బాధ్యత చాలాచోట్ల ఇంటివాడిదే, మూల ప్లాట్ అంటే రెండు వైపులా పేవ్‌మెంట్. బోస్టన్‌లో మంచు ఆగిన మూడు గంటల్లో, రాత్రి ఆగితే తెల్లవారాక మూడు గంటల్లో తీసేయాలి, లేదంటే జరిమానా. వాస్తు మానేయమని ఎవరికీ చెప్పే పని లేదు, అది ఎవరి నమ్మకం వాళ్లది. కానీ తూర్పు, ఉత్తరం రెండూ సమానమే అనుకునేవాళ్లు మంచు ఊళ్లో తూర్పే తీసుకోవాలి, పొద్దుటి ఎండ కాసేపైనా డ్రైవ్‌వే మీద పడుతుంది. ఉత్తర ముఖం, పైగా రోడ్డుకి దిగుడు వాలు ఉన్న ఇల్లయితే ఇంటర్వ్యూ ఉన్న రోజే కారు దానంతటదే రోడ్డు మీదికి జారుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి పార ఎత్తే పని తప్పుతుంది, అందుకు బదులు పార్కింగ్ గొడవ వస్తుంది. సొంత పార్కింగ్ లేని ఇల్లు నెలకి వంద, నూటయాభై డాలర్లు తక్కువ అనిపిస్తుంది, కానీ వీధిలో కారు పెట్టే ఊళ్లలో శీతాకాలం నియమాలు చాంతాడంత ఉంటాయి. మినియాపొలిస్‌లో స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తే మూడు రోజుల వరస: మొదటి రోజు రాత్రి తొమ్మిది నుంచి పెద్ద రూట్లలో పెట్టకూడదు, రెండో రోజు మిగతా వీధుల్లో సరి సంఖ్య ఇళ్ల వైపు పెట్టకూడదు, మూడో రోజు బేసి వైపు పెట్టకూడదు. చికాగోలో ఇంకా విచిత్రం, డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా 107 మైళ్ల పెద్ద రోడ్ల మీద తెల్లవారుజామున మూడు నుంచి ఏడు దాకా కారు పెట్టకూడదు, ఆ రోజు చుక్క స్నో పడకపోయినా సరే. బండి లాక్కెళ్లారంటే జరిమానా, టోయింగ్ ఖర్చు, విడిపించుకోవడానికి సగం రోజు కలిపి ఆ తగ్గిన అద్దె మొత్తం పోతుంది.

చికాగోలోనే 'డిబ్స్' అని ఒక ఆచారం ఉంది. గంటసేపు కష్టపడి వీధిలో కారు పట్టే చోటు తవ్వుకున్నవాడు, ఆఫీసుకి పోతూ అక్కడ పాత కుర్చీనో, ఇస్త్రీ బల్లనో పెట్టి పోతాడు. ఆ చోటు వాడిదని అందరూ ఒప్పుకోవాలి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చట్టప్రకారం చెల్లదు, అయినా కుర్చీ తీసి కారు పెడితే పొద్దున్నకి టైరులో గాలుండకపోవచ్చు. బోస్టన్‌లో మాత్రం ఎమర్జెన్సీ ఎత్తేశాక 48 గంటలు ఉంచుకోవచ్చని ఊరే ఒప్పుకుంది.

ఈ గోలంతా ఎందుకు, రైలు స్టేషన్ పక్కన ఉంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చాలావరకు నిజమే. కానీ ఆ రైలు భూమి లోపల పోతుందా, పైన పోతుందా చూడాలి. 2014-15 శీతాకాలంలో బోస్టన్‌లో 110.6 అంగుళాలు పడింది, అది ఆ ఊరి రికార్డు. అందులో ఎక్కువ భాగం జనవరి ఆఖరు నుంచి కొన్ని వారాల్లోనే పడింది. రైలుకి కరెంటు ఇచ్చే పక్క పట్టా మీద ఐసు కట్టి, పాత రైళ్ల మోటార్లలోకి మంచు పోయి పాడై, ఫిబ్రవరిలో ఒక రోజు మొత్తం రైళ్లన్నీ ఆపేయాల్సి వచ్చింది, మళ్లీ మామూలు కావడానికి వారాలు పట్టింది, రైలు సంస్థ అధిపతి రాజీనామా చేశారు. 1979 జనవరిలో చికాగోలో పెద్ద మంచు పడినప్పుడు ఎల్ రైళ్లు (స్తంభాల మీద ఎత్తున పోయే ఊరి రైళ్లు) తొందరగా నడపడం కోసమని నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల కొన్ని స్టేషన్లలో ఆగకుండా పోయాయి. ఆ కోపం, రోడ్లు శుభ్రం చేయలేదన్న కోపం కలిసి మేయర్ మైకేల్ బిలాండిక్‌ని ప్రైమరీలోనే, అంటే సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే ఓడించాయి, జేన్ బర్న్ గెలిచారు. ఎవరి వీధి ముందు శుభ్రం చేస్తారు అన్నది అప్పుడూ ఇప్పుడూ రాజకీయమే.

ఈ లెక్కన బఫలో మెట్రో తమాషాగా ఉంటుంది. అది డౌన్‌టౌన్‌లో రోడ్డు మీద, ఊరి ఉత్తరాన భూమి లోపల పోతుంది, అంటే మామూలు ఊళ్లకి సరిగ్గా తిరగేసినట్టు. అది బఫలో యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ దగ్గర ఆగిపోతుంది. ఇంజనీరింగ్ పిల్లల క్లాసులు ఎక్కువగా ఆమ్హర్స్ట్‌లో ఉన్న నార్త్ క్యాంపస్‌లో ఉంటాయి, మధ్యలో యూనివర్సిటీ బస్సులే దిక్కు. సౌత్ క్యాంపస్ చుట్టుపక్కల పాత ఇళ్లలో అద్దె తక్కువ, అందుకే మనవాళ్లు అక్కడ చేరతారు. ఆ అద్దెలో తగ్గింది బస్సు కోసం చలిలో నిలబడే సమయంగా తిరిగి కడతారు. బస్సు ఎక్కే చోటు ఇంటికి రెండు వీధుల లోపు ఉంటే ఆ బేరం మంచిదే, అంతకు మించితే కాదు.

కారు కొనేవాళ్లకి ఒక్క మాట. ఏడబ్ల్యూడీ (ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ అందే ఏర్పాటు) ఉంటే చాలని షోరూముల్లో చెబుతారు. ఏడబ్ల్యూడీ బండిని కదిలిస్తుంది, ఆపదు. ఆపేది టైరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే బిగుసుకుంటుంది. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. న్యూజెర్సీలో కారు మీద స్నో దులపకుండా రోడ్డెక్కితే జరిమానా వేస్తారు, ఎడిసన్‌లో కొత్తగా కారు కొన్నవాళ్లు అద్దం వరకు గీకేసి పైకప్పు మీది మంచు వదిలేస్తుంటారు, అది హైవే మీద పెచ్చులా లేచి వెనక బండి అద్దం మీద పడుతుంది.

2022 డిసెంబరు బ్లిజార్డ్ దగ్గరికి వస్తే, దాంట్లో అసలు ప్రశ్న ఇల్లు ఎక్కడ అన్నది కాదు, ఆ శుక్రవారం పొద్దున ఎవరు ఇంట్లో ఉండగలిగారు అన్నది. తుఫాను వస్తోందని రోజుల ముందే చెప్పారు. కానీ డ్రైవింగ్ నిషేధం అమల్లోకి వచ్చింది డిసెంబరు 23 ఉదయం తొమ్మిదిన్నరకి, అప్పటికే షిఫ్టులకి పోయేవాళ్లు బయల్దేరిపోయారు. తర్వాత ఒకటిన్నర రోజు కళ్లు తెరిచి చూడలేని గాలి, అంబులెన్సులు కూడా కదల్లేదు. కొందరు కార్లలో ఇరుక్కుని చనిపోయారు, కొందరు నడిచి ఇంటికి చేరబోయి చనిపోయారు. ల్యాప్‌టాప్ మీద పని చేసేవాళ్లకి ఆ రోజు ఇంటి నుంచి లాగిన్ అయితే సరిపోయింది. గ్యాస్ స్టేషన్‌లో, రెస్టారెంట్‌లో, ఆసుపత్రిలో పని చేసేవాళ్లకి ఆ వీలు లేదు. మనలోనూ ఫార్మసీల్లో, మోటెళ్లలో, నర్సింగ్‌లో ఉన్నవాళ్లు తక్కువేం లేరు. అలాంటి పని ఉన్నవాళ్లకి ఇల్లు ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటే, కారు లేకుండా పని దగ్గరి నుంచి నడిచి ఇంటికి రాగలమా అని. రాలేకపోతే ఆ రాత్రి పని దగ్గరే ఉండిపోవాలి, లేదంటే ఆ రోజు వెళ్లకూడదు. కారులో ఇరుక్కుంటే పొగగొట్టం చుట్టూ మంచు తీయకుండా ఇంజన్ నడపకూడదు, పొగలోని విషవాయువు కారు లోపలికే వస్తుంది, దానికి వాసన ఉండదు.

వేసవిలో ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఓనర్ని అడగాల్సినవి మూడే: డ్రైవ్‌వే, మెట్లు, పేవ్‌మెంట్ ఎవరు తీస్తారు, అది లీజులో రాసి ఉందా, తీసే మనిషి పొద్దున ఎన్నింటికి వస్తాడు. 'మంచు అంత ఉండదులే' అని జవాబొస్తే పక్కింటి తలుపు కొట్టి వాళ్లనీ అడగండి. గ్యారేజీలో పార ఎక్కడుందో చూడండి. తలుపు పక్కనే ఉప్పు బస్తాతో పాటు ఉంటే వాడుతున్నారని, అటక మీద దుమ్ము పట్టి ఉంటే ఆ పని ఈసారి మీదేనని అర్థం.